కంప్యూటర్ మీద నమ్మకం, భయం, పెట్టుబడి: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న వ్యాపారాలకు, సహకార సంఘాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టించే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నలు నాకు తరచూ ఎదురవుతుంటాయి. "ఫలానా దేశంలో అంతా ఆన్‌లైనే అట, మన దగ్గర ఎందుకు కుదరదు?" అని యజమాని అడుగుతాడు. "ఇదొస్తే నా సంగతేంటి సార్?" అని గుమాస్తా అడుగుతాడు. గుమాస్తా ప్రశ్నకు సరైన జవాబు దొరికిన చోట యజమాని పెట్టిన డబ్బు నిలబడుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం ఎందుకో ఈ జవాబుల్లో చెప్పే ప్రయత్నం చేశాను.

డబ్బుంటే ఎవరైనా కంప్యూటర్లు కొంటారు కదా, ఇందులో జనం ఏమనుకుంటారన్న దానికి పనేముంది?

ఓటింగ్ యంత్రాన్నే చూడండి. మన దేశంలో 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో దాన్ని తొలిసారి వాడారు. చట్టంలో అందుకు వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు చెబితే, చట్టాన్నే సవరించి యంత్రాన్ని మళ్లీ తెచ్చారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా అవే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ వాటిని తయారు చేస్తాయి.

జర్మనీలో 2005 పార్లమెంటు ఎన్నికల్లో కొన్నిచోట్ల యంత్రాలు వాడారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2009 మార్చిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. సాంకేతిక పరిజ్ఞానం ఏమీ లేని మామూలు పౌరుడు కూడా ఓటింగ్‌లోని ముఖ్యమైన దశలను తానే సరిచూసుకోగలగాలి అన్నది ఆ తీర్పులోని సారం. ఇప్పటికీ జర్మన్లు కాగితం మీదే ఓటేస్తున్నారు. ఎస్టోనియాలో ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ 2005 నుంచే ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఓటు వేయవచ్చు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలా పడ్డవే.

ఈ మూడు దేశాల్లోనూ డబ్బుకో ఇంజినీర్లకో కొరత వచ్చి ఆగింది లేదు. తేడా అంతా జనానికున్న పాత అనుభవంలో ఉంది. రౌడీలు బూత్‌లోకి దూరి, బ్యాలెట్ కట్టలు లాక్కుని గుద్దిపడేసిన రోజులు మనవాళ్లకు గుర్తు. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి ఒప్పుకోని యంత్రం మనకు కాపలాదారులా కనిపించింది. జర్మన్లకు అదే యంత్రం, లోపల ఏం జరుగుతుందో తెలియని మూసిన పెట్టె.

మనవాళ్ల నమ్మకానికీ హద్దులున్నాయి. యంత్రం మీద అనుమానాలు పెరిగినప్పుడు వీవీప్యాట్ తేవాల్సి వచ్చింది. మనం వేసిన గుర్తు కాగితం మీద ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. 2013లో నాగాలాండ్‌లో మొదలైన ఆ యంత్రాలు 2019కల్లా దేశంలోని అన్ని కేంద్రాలకూ చేరాయి. అదంతా నమ్మకం నిలబెట్టుకోవడానికి పెట్టిన ఖర్చు.

మన దేశంలో ఒకప్పుడు ఉద్యోగులు కంప్యూటర్లను ఎందుకు అడ్డుకున్నారు? అది అజ్ఞానమేనా?

కాదు. ఆ మాట అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

1960ల మధ్యలో ఎల్‌ఐసీ కలకత్తా ఆఫీసులో కంప్యూటర్ పెట్టాలనుకుంది. ఇలాకో హౌస్ అనే భవనంలోకి అది అడుగు పెట్టకుండా ఉద్యోగులు నెలల తరబడి కాపలా కాశారు. నిరుద్యోగం మండిపోతున్న కాలమది. పాలసీ లెక్కలు కట్టడమే వందలమందికి బతుకుతెరువు. "ఇది వస్తే మా పని ఏమవుతుంది?" అని వాళ్లు అడిగితే యాజమాన్యం దగ్గర రాతపూర్వకమైన జవాబు లేదు. వివాదం ఎంత పెద్దదైందంటే, ఆటోమేషన్ వల్ల ఏం జరుగుతుందో పరిశీలించడానికి కేంద్రం ఆర్థికవేత్త వి.ఎం.దండేకర్ అధ్యక్షతన ఏకంగా కమిటీ వేయాల్సి వచ్చింది. 1972లో అది నివేదిక ఇచ్చింది.

బ్యాంకుల కథ ఇంకా వివరంగా తెలుసుకోవాల్సింది. ఆ రోజుల్లో బ్యాంకులో డబ్బు తీసుకోవాలంటే చెక్కు ఇచ్చి ఇత్తడి టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చోవాలి. లోపల గుమాస్తా లావుపాటి లెడ్జర్ తిరగేసి పద్దు రాస్తాడు, ఆఫీసరు సంతకం పోల్చి చూస్తాడు, ఆ తర్వాత క్యాషియర్ నంబరు పిలుస్తాడు. జూన్, డిసెంబరు ముగింపు లెక్కలప్పుడు ఒక్క రూపాయి తేడా దొరకక రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసుల్లో లైట్లు వెలిగేవి. అంత కష్టమైన పనిని కూడా వాళ్లు యంత్రానికి వదులుకోవడానికి ఇష్టపడలేదంటే, పని మీద మమకారం కంటే జీతం మీద బెంగే కారణం.

1983 సెప్టెంబరులో బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరింది. పరిమిత సంఖ్యలో, ఫలానా పనులకు మాత్రమే యంత్రాలు వాడాలని రాసుకున్నారు. వచ్చినవాటిని అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు అన్నారు. 1984లో రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ బ్యాంకుల కంప్యూటరీకరణకు దారి గీసింది. 1993లో మరో ఒప్పందం జరిగింది. చివరికి 1998లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్ ఎన్.విఠల్, 2001 జనవరి 1 నాటికి ప్రతి ప్రభుత్వ బ్యాంకు తన వ్యాపారంలో 70 శాతాన్ని కంప్యూటర్ల మీదికి తేవాలని ఆదేశించారు. అవినీతిని పట్టుకునే సంస్థ కంప్యూటర్లు కొనమని చెప్పడం ఎంత ముందుచూపో ఆలోచించండి.

1994లో కొత్తగా పుట్టిన ప్రైవేటు బ్యాంకులకు ఈ బాధేమీ లేదు. వాళ్ల దగ్గర పాత లెడ్జర్లూ లేవు, లెడ్జర్లు రాసే గుమాస్తాలూ లేరు. తొలిరోజు నుంచీ కంప్యూటర్లతోనే నడిచారు. ఒకే దేశంలో, ఒకే సంస్కృతిలో రెండు రకాల బ్యాంకులు ఇంత భిన్నంగా ఖర్చుపెట్టాయంటే "భారతీయులకు కంప్యూటర్ అంటే భయం" అనే మాటకు అర్థం లేదు. పోగొట్టుకునేది ఉన్నవాళ్లు భయపడ్డారు.

మరి రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్లను జనం అంత త్వరగా ఎలా ఒప్పుకున్నారు?

లాభం కిటికీ ఇవతల నిలబడ్డవాడికే కనిపించింది కాబట్టి. పాత పద్ధతిలో ఒక్కో రైలుకు ఒక్కో రిజిస్టరు, ఆ రిజిస్టరు ఉన్న కౌంటర్ దగ్గరే క్యూ. మధ్యలో దళారీలు. 1985-86లో ఢిల్లీలో ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ తయారుచేసిన వ్యవస్థ మొదలయ్యాక, ఏ కిటికీ దగ్గరైనా ఏ రైలుకైనా టికెట్ దొరకడం మొదలైంది. ఐబీఎం 1978లో దేశం వదిలి వెళ్లినప్పుడు, వాళ్లు వదిలిన యంత్రాల మరమ్మతు బాధ్యత తీసుకుని ఎదిగిన కంపెనీ సీఎంసీ.

కంప్యూటర్ అంటే ఏమిటో చాలామంది భారతీయులకు మొదట తెలిసింది ఆ టికెట్ మీద అచ్చయిన బెర్త్ నంబరుతోనే. కంప్యూటర్ల మీద ఆనాటి ప్రభుత్వం చెప్పిన ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ చిన్న కాగితం ఒక ఎత్తు అనిపిస్తుంది నాకు.

జపాన్‌లో రోబోలు ఉంటాయి, ఫ్యాక్స్ మెషీన్లూ ఉంటాయి. ఈ రెండూ ఒకే దేశంలో ఎలా కుదిరాయి?

చాలా మంచి ప్రశ్న ఇది. "జపనీయులు టెక్నాలజీ ప్రియులు" అనే ఒక్క మాటతో సర్దుకునేవాళ్లకు అక్కడి ఆఫీసులు అర్థం కావు.

కారు ఫ్యాక్టరీ సంగతి ముందు. కవాసాకి సంస్థ 1969లోనే జపాన్‌లో తయారైన తొలి పారిశ్రామిక రోబోను తెచ్చింది. పెద్ద కంపెనీల్లో చేరినవాడు రిటైరయ్యేదాకా అక్కడే ఉంటాడన్నది ఆనాటి ఆనవాయితీ. పైగా మనుషుల కొరత. రోబో వచ్చి వెల్డింగ్ పని తీసుకుంటే, ఆ కార్మికుడికి అదే కంపెనీ ఇంకో పని నేర్పించేది. జీతానికి భరోసా ఉన్నప్పుడు వేడి, పొగ, నడుం నొప్పి ఉన్న పనిని ఎవరు కావాలంటారు? ఫుజి పర్వతం పాదాల దగ్గర ఫానుక్ ఫ్యాక్టరీలో పసుపుపచ్చ రోబోలే రోబోలను తయారు చేస్తున్నాయంటే దాని వెనక ఆ భరోసా ఉంది.

ఆఫీసు సంగతి వేరు. వేల కంజీ అక్షరాలున్న భాషకు మామూలు టైప్‌రైటర్ పనికిరాలేదు. తోషిబా 1978లో తొలి జపనీస్ వర్డ్ ప్రాసెసర్ తెచ్చినప్పుడు దాని ధర 63 లక్షల యెన్‌లు. ఎంత పెద్ద ఆఫీసైనా అంత పెట్టి ఎన్ని కొంటుంది? చేత్తో రాసిన కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు పంపే ఫ్యాక్స్ అక్కడ అందుకే అంతగా నాటుకుపోయింది. దానికి తోడు హాంకో, అంటే సంతకానికి బదులు వేసే ముద్ర. ఒక కాగితం మీద గుమాస్తా నుంచి మేనేజరు దాకా వరుసగా ముద్రలు పడితే, రేపు తప్పు జరిగినా నింద అందరి మీదా సమానంగా పడుతుంది. కంప్యూటర్ ఆ పంపకాన్ని చెడగొడుతుంది.

కోవిడ్ కాలంలో ఇది పెద్ద సమస్యే అయింది. కేసుల వివరాలు చేత్తో రాసి ఫ్యాక్స్ చేయాల్సి వస్తోందని 2020లో వైద్యులు బహిరంగంగా వాపోయారు. 2021 సెప్టెంబరులో ప్రభుత్వం డిజిటల్ ఏజెన్సీ పెట్టింది. అదే ఏడాది మంత్రిత్వ శాఖల్లో ఫ్యాక్స్ తీసేద్దామంటే, ఆఫీసుల నుంచే వందలాది అభ్యంతరాలొచ్చి ఆగిపోయింది. ఫ్లాపీలో లేదా సీడీలో దాఖలు చేయమని చెప్పే నిబంధనలు దాదాపు 1,900 ఉన్నాయని 2022లో మంత్రి తారో కోనో బయటపెట్టారు. ఫ్లాపీ నిబంధనలను ఒక్కటి తప్ప అన్నిటినీ రద్దు చేసేసరికి 2024 వచ్చింది. పాత వ్యవస్థలను ఇలాగే వదిలేస్తే 2025 నుంచి ఏటా 12 లక్షల కోట్ల యెన్‌ల దాకా నష్టం రావచ్చని ఆ దేశ పరిశ్రమల శాఖ 2018లోనే హెచ్చరించింది కూడా.

జర్మనీ వంటి ధనిక దేశంలో ఇంకా నగదు, కాగితాలు ఎందుకు?

జర్మనీ కేంద్ర బ్యాంకు 2023లో జరిపిన అధ్యయనంలో 51 శాతం లావాదేవీలు నగదులోనే జరిగాయని తేలింది. అక్కడికి చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు బేకరీలో ఫోన్ చూపించి, "నగదు మాత్రమే" అన్న బోర్డు చూసి తెల్లబోతుంటారు.

దీని వెనక చరిత్ర ఉంది. 1933లో నాజీ ప్రభుత్వం జనగణన చేసినప్పుడు ఐబీఎం అనుబంధ సంస్థ దెహోమాగ్ వారి పంచ్‌కార్డు యంత్రాలతో, అంటే కార్డులకు పెట్టిన చిల్లులను చదివి లెక్కకట్టే యంత్రాలతో, లెక్కించారు. ఎవరు ఏ మతంవారన్నది కూడా ఆ గణనలో నమోదైంది. ఆ తర్వాత యూదులకు ఏం జరిగిందో తెలిసిందే. తూర్పు జర్మనీలో రహస్య పోలీసు విభాగం స్టాసి పక్కింటివాళ్ల చేత పక్కింటివాళ్ల మీద ఫైళ్లు రాయించింది. పేరు, ఊరు, మతం ఒక జాబితాలోకి ఎక్కితే ఏమవుతుందో ఆ సమాజం చూసింది.

అందుకే ప్రపంచంలో తొలి డేటా రక్షణ చట్టం 1970లో అక్కడి హెస్సె రాష్ట్రంలో పుట్టింది. 1983లో తలపెట్టిన జనగణనను బహిష్కరించాలని పెద్ద ఉద్యమం నడిచింది. ఎవరి సమాచారం మీద హక్కు వాళ్లదేనని ఆ డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2010లో గూగుల్ స్ట్రీట్ వ్యూ వస్తే దాదాపు 2.44 లక్షల కుటుంబాలు తమ ఇళ్లు మసకగా చూపించమని కోరాయి.

దీనికి మూల్యం ఉంది, కాదనను. ఆస్పత్రి రికార్డులు, ప్రభుత్వ సేవలు ఆన్‌లైన్‌లోకి రావడం ఆలస్యమవుతోంది. అయినా జర్మన్లు వెనకబడ్డారని నవ్వుకోవడం తప్పు. ఆధార్ మీద మన సుప్రీంకోర్టులో వాదనలు జరిగినప్పుడు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పినప్పుడు, మనమూ అదే దారిలో ఒక అడుగు వేశాం.

ఎస్టోనియా మాత్రం ఎలా అంతా ఆన్‌లైన్ చేయగలిగింది?

13 లక్షల పైచిలుకు జనాభా. 1991లో సోవియట్ నుంచి బయటపడేసరికి చేతిలో డబ్బు లేదు, పాత వ్యవస్థను కాపాడుకోవాలన్న కోరికా లేదు. 1996లో "పులి దూకుడు" అనే అర్థం వచ్చే పేరుతో బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇచ్చే పథకం మొదలైంది. 2001లో ప్రభుత్వ శాఖల డేటాబేస్‌లను కలిపే ఎక్స్-రోడ్, 2002లో డిజిటల్ గుర్తింపు కార్డు వచ్చాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న ఏర్పాటు. ప్రభుత్వంలో ఎవరు తన వివరాలు తెరిచి చూశారో పౌరుడు తానే చూసుకోవచ్చు. పోలీసైనా, డాక్టరైనా కారణం లేకుండా చూస్తే దొరికిపోతారు. ఒకవైపు నుంచే కాకుండా రెండువైపుల నుంచీ కనిపించే వ్యవస్థ అది.

2017లో వాళ్ల గుర్తింపు కార్డుల చిప్‌లో భద్రతా లోపం బయటపడింది. దాదాపు 7.5 లక్షల కార్డులకు సంబంధించిన సమస్య. ప్రభుత్వం దాచిపెట్టలేదు. లోపం ఉందని చెప్పి, ఆ కార్డుల్లోని డిజిటల్ సర్టిఫికెట్లను ఆపేసి, కొత్తవి ఇచ్చింది. ఆ కొద్ది వారాల్లోనే స్థానిక ఎన్నికలు కూడా జరిగాయి, ఇంటర్నెట్ ఓటింగ్ ఆగలేదు.

సంస్కృతిని అంకెల్లో కొలిచే హోఫ్‌స్టెడ్ స్కోర్లు చూసి పెట్టుబడి నిర్ణయం తీసుకోవచ్చా?

ఎంబీఏ చదివినవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. డచ్ పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 దాకా వివిధ దేశాల ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా ఈ కొలతలు తయారుచేశాడు. అనిశ్చితిని ఎంతగా తప్పించుకోవాలని చూస్తారన్న కొలతలో జపాన్‌కు 92, దక్షిణ కొరియాకు 85, జర్మనీకి 65, భారత్‌కు 40, బ్రిటన్‌కు 35.

కొత్తదంటే జంకే సమాజాలు టెక్నాలజీ మీద తక్కువ పెడతాయని వీటినుంచి సూత్రం తీస్తే, కొరియా దగ్గరే అది తేలిపోతుంది. స్కోరు దాదాపు జపాన్‌దే, కానీ ఇంటింటికీ బ్రాడ్‌బ్యాండ్ వేయడంలో ప్రపంచంలో ముందు నిలిచింది. పైన చెప్పిన మన బ్యాంకుల కథ కూడా ఈ అంకెలకు అందదు. ప్రెజెంటేషన్‌లో ఒక స్లైడ్‌కి ఇవి పనికొస్తాయి, కోట్లు పెట్టడానికి చాలవు.

కంప్యూటర్‌ని మరీ ఎక్కువగా నమ్మడం వల్ల నష్టం ఉంటుందా?

ఉంటుంది, భయం వల్ల వచ్చే నష్టం కంటే పెద్దదే ఉంటుంది. ఈ జవాబు మాత్రం తీరిగ్గా చదవండి.

బ్రిటన్ పోస్టాఫీసు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థను శాఖల్లో పెట్టింది. తయారుచేసింది ఫుజిట్సు. ఊళ్లలో చిన్న కొట్టుతో పాటు పోస్టాఫీసు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్ల ఖాతాల్లో లేని లోటు కనిపించడం మొదలైంది. సాయంత్రం లెక్క చూస్తే డబ్బు తక్కువ. ఒప్పందం ప్రకారం ఆ లోటు వాళ్లే పూడ్చాలి. ఇళ్లు తాకట్టు పెట్టారు, బంధువుల దగ్గర అప్పులు చేశారు. సహాయం కోసం ఫోన్ చేస్తే "ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది" అన్న జవాబు చాలామందికి వచ్చింది. 2015 దాకా 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. వాళ్లలో బ్రిటన్‌లో స్థిరపడిన మన దేశ మూలాలున్న కుటుంబాలవాళ్లూ ఉన్నారు.

ఇంగ్లండ్ న్యాయవ్యవస్థలో కంప్యూటర్ సాక్ష్యం ఇవ్వాలంటే అది సరిగా పనిచేస్తోందని నిరూపించాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. అప్పటినుంచి కంప్యూటర్ సరిగానే ఉందని కోర్టు అనుకుంటుంది, కాదని చూపించాల్సింది నిందితుడు. ఒక పల్లెటూరి పోస్ట్‌మాస్టర్ అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో లోపం ఎలా చూపించగలడు? 2019లో, అలన్ బేట్స్ అనే మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ బృందం వేసిన దావాలో లోపాలున్నాయని కోర్టు గుర్తించింది. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో వచ్చింది. అప్పటికి కొందరు చనిపోయారు కూడా.

మనకు దగ్గరి ఉదాహరణ భూమి రికార్డులు. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట, వెంటనే జరగడం చాలామందికి మేలు చేసింది. కానీ విస్తీర్ణం తప్పు పడినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయినా, సరిచేసే అధికారం కింది స్థాయిలో లేకుండా పోయింది. తాతల కాలం నుంచి దున్నుకుంటున్న చేను స్క్రీన్ మీద తనది కాకుండా పోతే, ఆ రైతు అర్జీ పట్టుకుని కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో తహసీల్దార్, ఆర్డీవో స్థాయిల్లో సవరణకు, అప్పీలుకు వీలు పెట్టారు. రాజకీయంగా ఎవరెలా చూసినా, వ్యవస్థ కట్టేవాళ్లు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది. తప్పు దిద్దే దారికి కూడా బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి.

సోవియట్ యూనియన్‌లో గొప్ప గణిత శాస్త్రవేత్తలు ఉండి కూడా ఇంటర్నెట్ లాంటిది ఎందుకు రాలేదు?

కీవ్ శాస్త్రవేత్త విక్టర్ గ్లుష్కోవ్ దేశ ఆర్థిక వ్యవస్థనంతా కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్‌ను ప్రతిపాదించాడు. 1970లో పొలిట్‌బ్యూరో దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. ఆర్థిక మంత్రి గట్టిగా అడ్డుపడ్డాడు. ఒక్కో శాఖ తన అంకెలను తన గుప్పిట్లో ఉంచుకోవాలనుకుంది. మన దగ్గర కూడా రెండు శాఖల సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడానికి చాలాసార్లు కారణం టెక్నాలజీ కాదు.

తెలుగువాళ్లకు కంప్యూటర్ అంటే అంత మోజు కదా, మన వ్యాపారాలు ఎందుకు ఇంకా నోటు పుస్తకాల మీద నడుస్తున్నాయి?

మోజు ఉన్న మాట నిజం. 1990ల్లో కంప్యూటర్ క్లాసుకి వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లేవాళ్లం. ఆ గదికి మాత్రం ఏసీ ఉండేది. మానిటర్‌కి, కీబోర్డుకి గుడ్డ కవర్లు. దసరాకి ఆయుధ పూజలో వాటికీ పసుపు కుంకుమ, పక్కన కొబ్బరికాయ. ఆ గౌరవం మంచిదే, కానీ దాని ఫలితంగా చాలా బడుల్లో కంప్యూటర్ పిల్లల చేతికి అందలేదు. డబ్బు గదికి, ఏసీకి, తాళానికి పోయింది. నేర్పే టీచరుకు మిగల్లేదు.

1998లో ఐఐఐటీ మొదలైంది, మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ వచ్చింది, నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు మొలిచాయి. పిల్లాడి కోర్సు కోసం ఎకరం అమ్మిన కుటుంబాలు ఎన్నో. మన దగ్గర కంప్యూటర్ మీద అత్యంత పెద్ద పెట్టుబడి పెట్టింది తల్లిదండ్రులే అంటే అతిశయోక్తి కాదేమో. అయితే వాళ్లు పెట్టింది కంప్యూటర్ తెచ్చే ఉద్యోగం మీద. కొడుకు డల్లాస్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తుంటాడు, ఇక్కడ నాన్న ఎరువుల కొట్టులో అరువు ఖాతాలు నోటు పుస్తకంలో రాస్తుంటాడు. ఆయనకు చాదస్తం అనుకోకండి. అరువు రాసేటప్పుడు రైతు ఎదురుగా నిలబడి ఆ పేజీ చూస్తాడు, పక్కన వేలిముద్రో సంతకమో పెడతాడు. స్క్రీన్ కొట్టు యజమాని వైపు తిరిగి ఉంటే రైతుకు ఏం కనిపిస్తుంది?

అదే కొట్టులో యూపీఐ మాత్రం ఇట్టే ఎలా వచ్చేసింది?

ఖర్చు లేదు, నేర్చుకోవాల్సింది లేదు, మోసపోతామన్న భయానికి మందు ఉంది. 2016లో యూపీఐ వచ్చింది, 2020 జనవరి నుంచి వ్యాపారికి దాని మీద ఛార్జీ లేకుండా చేశారు. మొదట్లో అందరికీ ఒకటే టెన్షన్, డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోతే? కూరగాయలు తూకం వేస్తూ ప్రతిసారీ ఫోన్ తీసి చూసుకోవడం కుదరదు కదా. కౌంటర్ మీది చిన్న పెట్టె "యాభై రూపాయలు అందాయి" అని తెలుగులో గట్టిగా చెప్పడంతో ఆ టెన్షన్ పోయింది. కొన్నవాడూ విన్నాడు, అమ్మినవాడూ విన్నాడు. అరువు పుస్తకంలో ఇద్దరూ పేజీ చూడటం లాంటిదే ఇది.

ఇప్పుడు ఏఐ విషయంలో కూడా ఇదే జరుగుతోందా?

చాలావరకు. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. చివరికి కుదిరిన ఒప్పందంలో ఏఐని ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు అన్న షరతులు రాయించుకున్నారు. మన బ్యాంకు ఉద్యోగులు 1983లో చేసింది అదే పని. 2023 వసంతంలోనే ఇటలీ డేటా రక్షణ సంస్థ చాట్‌జీపీటీని దాదాపు నెల రోజులు ఆపించి, కొన్ని మార్పులు జరిగాక అనుమతించింది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో ఇవాళ కనిపిస్తున్న బెంగ, ఒకప్పటి ఎల్‌ఐసీ గుమాస్తాల బెంగ కంటే తక్కువదేమీ కాదు. దానికి కంపెనీలు రాతపూర్వకంగా జవాబు చెప్పాలని నేను కోరుకుంటున్నాను.

మా సంస్థలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకుంటున్నాం. ముందు ఏం చేయాలి?

డెమో చూసేముందు, ఆ పనిని ఇప్పుడు చేత్తో చేస్తున్న మనిషితో కూర్చోండి. దీనివల్ల అతనికి ఏం పోతుందో అతని నోటితోనే వినండి అన్నది నా మొదటి సలహా. కొన్నిసార్లు ఉద్యోగం పోతుందన్న భయం ఉండదు. ఊళ్లో ఎవరి ఖాతా ఎలా ఉందో తనొక్కడికే తెలుసన్న గౌరవం పోతుందన్న బాధ ఉంటుంది. అలాంటి మనిషిని కొత్త పద్ధతిలో తనిఖీ చేసేవాడిగా పెడితే ఆ గౌరవం నిలుస్తుంది.

స్క్రీన్‌లో లోటు కనిపిస్తే ఎవరి జీతంలో కోస్తారో ముందే తేల్చండి. విచారణ జరిగేదాకా ఎవరి దగ్గరా కోయబోమని కాగితం మీద రాసి ఇవ్వండి. తప్పు ఎంట్రీ సరిచేసే అధికారం అదే ఆఫీసులో ఒకరికి ఉండాలి, ఎవరు ఎప్పుడు మార్చారో రికార్డు కావాలి. కస్టమర్‌కు కూడా కనిపించేలా ఏదో ఒకటి ఉండాలి. అది ఎస్సెమ్మెస్ కావచ్చు, అచ్చు రసీదు కావచ్చు, అటువైపు తిరిగిన స్క్రీన్ కావచ్చు.

పాత పుస్తకాన్ని కనీసం ఒక త్రైమాసికం సాఫ్ట్‌వేర్‌తో పాటు నడపండి. రెండు పనులు చేయడం కష్టమే, ఆ కాలానికి గుమాస్తాలకు అదనంగా డబ్బు ఇవ్వండి. లైసెన్సు ఫీజులో బేరమాడి మిగిల్చింది ఇక్కడ పెట్టినా పర్వాలేదు. ఏప్రిల్ 1 నుంచి మొదలుపెడితే ఓపెనింగ్ బ్యాలెన్సుల తలనొప్పి తగ్గుతుంది. ఎంట్రీలు నేర్పించడం మాత్రం జనవరిలోనే అయిపోవాలి, మార్చిలో లెక్కల ముగింపు పనిలో పడితే వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు.